సూది పడని ఎద్దు

"మందు వేశాను, తగ్గింది" అని ఎవడైనా మీసం మెలేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వేయకపోతే ఏమయ్యేదో నీకు తెలుసా అని అడుగుతాను. తెల్లముఖం వేస్తాడు. నేనూ ఒకప్పుడు అట్లాంటి తెల్లముఖం వేసినవాణ్ణే గనుక, పశువైద్యంలో కొత్తగా చేరుతున్న పిల్లల కోసం నాలుగు మాటలు రాసి పెడుతున్నాను. ఎప్పుడు ఏ ఊరికి తబాదలా అయింది, ఎవరు సలాము కొట్టారు, జీతం ఎంత పెరిగింది, ఇవన్నీ మీకెందుకు? పనిలో నాకు తగిలిన దెబ్బలు చెబుతాను, అవి పనికొస్తాయి.

నిజాం రాజ్యంలో పశువుల డాక్టరును సలోత్రీ అనేవారు. నాందేడు గొడ్ల దవాఖానలో నేను చిన్న సలోత్రీని. సూదులు ఉడకబెట్టడం మొదలుకొని చచ్చిన గొడ్డును కోసి చూడటం దాకా అన్నీ నా పనులే. పై డాక్టరు ఖాదర్ సాబు. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ ఇస్త్రీ చెదరని షేర్వానీలో ఉండేవాడు. నోరు మంచిది కాదు. బుద్ధి మాత్రం పదునైనది.

తాంగా గుర్రాలు

నేను చేరిన ఏడాది చలికాలంలో నాందేడు స్టేషను ముందరి తాంగా గుర్రాలకు దగ్గు పట్టుకుంది. ముక్కులు కారుతున్నాయి, మేత ముట్టడం లేదు. శొంఠి, మిరియాలు, ఇంకా ఏవేవో దంచి నేనొక చూర్ణం చేసి, నా దగ్గరికి వచ్చిన గుర్రాలన్నిటికీ బెల్లంలో పెట్టి తినిపించాను. వారం తిరిగేసరికి అన్నీ తేరుకున్నాయి. తాంగావాళ్ళు నన్ను చూసి "క్యా హాత్ హై సాబ్!" అని నా హస్తవాసిని పొగుడుతుంటే నాకు నేల మీద కాలు నిలవలేదు. ఆ చూర్ణానికి నా పేరే పెడదామా అని కూడా అనుకున్నాను, నవ్వకండి.

ఖాదర్ సాబు ముందు చెప్పుకుంటే ఆయన మెలి తిరిగిన మీసం కూడా కదపలేదు.

"నువ్వు దవా ఇయ్యని గుర్రాలు ఎట్లున్నయ్ మియా?" అన్నాడు.

"అవి నా దగ్గరికి రాలేదు కద సాబ్."

"మరి పోయి చూసి రా. అప్పటిదాంక ఆ పొడి డబ్బా నాకియ్యి."

పోయి చూశాను. నాందేడులోనే వజీరాబాదు దిక్కు తాంగాలవాళ్ళు దవాఖాన గడప తొక్కినవాళ్ళు కారు. వాళ్ళ గుర్రాలూ దగ్గినవే, ఇప్పుడు నాకంటే హుషారుగా ఉన్నాయి! గడ్డి తింటున్నాయి, సకిలిస్తున్నాయి, ఒకటి నా భుజం కరవబోయింది. దగ్గు దానంతటదే వచ్చింది, దానంతటదే పోయింది. కాకి వాలిందీ, తాటిపండు రాలిందీ. నేనేమో కాకినై రెక్కలు విదిలించుకున్నాను. సిగ్గుతో తిరిగొచ్చాను.

"ఇయ్యనిదాన్ని చూడనోడికి ఇచ్చినదాని సంగతి తెల్వది," అన్నాడు సాబు. డబ్బా నాకు తిరిగి ఇవ్వలేదు.

ఇది మొదటి పాఠం, చిన్న దెబ్బ. పెద్ద దెబ్బ కర్ఖేలిలో తగిలింది. కర్ఖేలి మా సొంతూరు.

ఎలపటివన్నీ

మా సరిహద్దు ఊళ్ళల్లో తొలివానలు పడగానే గొంతువాపు వచ్చేది. మరాఠీవాళ్ళు ఘటసర్ప అంటారు. పొద్దున నాగలికి కట్టిన ఎద్దు సాయంత్రానికి గొంతు ఉబ్బి, గురక పెట్టి, మర్నాటికి లేచేది కాదు. సరిగ్గా దుక్కుల వేళ ఎద్దు పోతే ఆ ఏడు ఆ ఇల్లు పోయినట్టే. ఆ రోజుల్లో ఈ జబ్బు రాకుండా ముందే వేసే సూదిమందు ఒకటి మాకు కొత్తగా చేరింది. అది మా నీళ్ళకూ మా గొడ్లకూ పని చేస్తుందా లేదా అన్నది ఎవరికీ రూఢిగా తెలియదు. తేల్చి చెప్పమని ఖాదర్ సాబుకు పైనుంచి హుకుం వచ్చింది.

సాబు ఎంతో ఆలోచించి ఒక పద్ధతి చేశాడు. ప్రతి ఇంట్లో ఎద్దులు జతగా ఉంటాయి. ఒకే కొట్టం, ఒకే మేత, ఒకే నీళ్ళు, ఒకే కాడి. జతలో ఒకదానికి సూది పెట్టి రెండోదాన్ని వదిలేస్తే రెండింటికీ తేడా సూది ఒక్కటే. ఇంతకంటే న్యాయమైన పరీక్ష ఉంటుందా? నాకు ఆయన కాళ్ళకు మొక్కాలనిపించింది.

"ఏ దిక్కుది సాబ్, దాపటిదా, ఎలపటిదా?" అని అడిగాను. కాడికి ఎడమ దిక్కు కట్టేది దాపటెద్దు, కుడి దిక్కుది ఎలపటెద్దు.

"ఎలపటివన్నీ. అన్నీ ఒక్క దిక్కువే అయితే రేపు ఏది దేనిదో తికమక ఉండదు."

వానలకు ముందు కర్ఖేలికి పోయి ఎలపటి ఎద్దులన్నిటికీ పెట్టేశాం. మా నాయిన ఊళ్ళో అందరినీ ఒప్పించాడు. మా ఇంటి ఎలపటిదానికి కూడా పెట్టాను. కొడుకు సర్కారు సూది పట్టుకొని ఊరికి వచ్చాడని ఆయన ఆ రోజు తలపాగా కొత్తది చుట్టాడు.

వానలు పడ్డాయి. జబ్బు వచ్చింది. కబురు అందుకొని సాబూ నేనూ రైలు దిగి ఊళ్ళోకి నడిస్తే ఎదురుగా కనపడినవి చచ్చిన ఎద్దులు. పోయినవి దాదాపు అన్నీ ఎలపటివే! మేం సూది పెట్టినవే, మా ఇంటిది కూడా. పెట్టని దాపటెద్దులు కొట్టాల్లో నిలబడి నెమరు వేస్తున్నాయి. సాబు ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది.

గంగవ్వ అని, మగదిక్కు లేని ఇల్లు ఆమెది. తానే నాగలి పట్టేది. ఆమె కోడె కూడా పోయింది. చావడి ముందు మా ఇద్దరినీ నిలబెట్టి దులిపేసింది.

"నా కోడెను సంపిండ్రు గదర! మంచిగున్నదానికి ఇసం పొడిసిండ్రు. ఎద్దు పుండు కాకికి ముద్దన్నట్టు, మా గొడ్లు సస్తే మీకు లెక్కలు! ఓ సలోత్రీ, నువ్వు ఈ ఊరోనివేనార? మీ అవ్వ నిన్ను గందుకే కన్నదార?"

ఆ మాట వాస్తవమేనేమో అని నాకే అనుమానం వచ్చింది. మేం ఈ ఊరిని చంపేశామా?

పళ్ళు

సాబు చావడిలో కూర్చొని నాందేడుకు పంపాల్సిన తంతి మాటలు రాసుకుంటున్నాడు. మందు విషం, ఎక్కడా వాడవద్దు, నిల్వ ఉన్నదంతా పారబోయండి. అంతే దాని సారాంశం. ఆ తంతి పోయిందంటే ఆ మందు మా సూబాలో మళ్ళీ కనపడేది కాదు.

ఆలోగా నేను ఊరవతల, పూడ్చడానికి తెచ్చిన ఎద్దులను కోసి చూస్తున్నాను. కోసేముందు నోరు తెరిచి వయసు రాసుకోవడం మా పనిలో అలవాటు. మొదటిది రెండు పళ్ళది, అంటే లేత కోడె. రెండోదీ రెండు పళ్ళదే. తరవాతిది నాలుగు పళ్ళది. మళ్ళీ రెండు. ఒక్కదాని నోట్లో కూడా అరిగిన పన్ను లేదు. కొమ్ముల మీద జాత్రలో పూసిన రంగు ఇంకా పోలేదు. నా చేతిలో కత్తి అట్లాగే ఆగిపోయింది.

మా ఊళ్ళల్లో ఎద్దు ముసలిదైతే అమ్మేసి, ఎండాకాలం జాత్రలో కోడెను కొంటారు. దుక్కికి నేర్పడానికి దాన్ని పాత ఎద్దు పక్కన కడతారు. ఎక్కడ? ఎలపట. దాపట ఎప్పుడూ చాలు ఎరిగిన పాతదే. సగం కొట్టాల్లో ఎలపటిది కొత్త కోడె అయితే, దాపటిది నాలుగైదు వానకాలాలు, నాలుగైదు గొంతువాపులు చూసి బతికిన ఎద్దు. కోడెలు ఎక్కడెక్కడి గొడ్లతోనో జాత్రలో కలిసి, ఎండలో రోజుల తరబడి నడిచి, డస్సిపోయి, మేం సూది పెట్టేనాటికే జబ్బును ఒంట్లో పెట్టుకొని ఉన్నాయి. మేం వాటికి సూది పెట్టినా పెట్టకపోయినా అవే పడిపోయేవి!

పరుగెత్తుకొని పోయి సాబుతో చెప్పాను. ఆయన కలం కింద పెట్టేశాడు.

"యా అల్లా! మనం సూది పడ్డదాన్నీ పడనిదాన్నీ పోల్చలేదు మియా. జాత్ర కోడెనూ ఇంటి ఎద్దునూ పోల్చినం. మనం ఏ ప్రశ్న అడిగినమో మనకే తెల్వదు."

ఆ కాగితం చింపేశాడు. మందు మంచిదని తేలలేదు, చెడ్డదనీ తేలలేదు. అన్ని ఎద్దులు పోయి మాకు తెలిసింది ఏమీ లేదు. పిల్లలారా, ఇంతకంటే ఘోరం మన పనిలో ఇంకొకటి లేదు. జబ్బుతో చస్తే దైవం అనుకుంటారు, తప్పుడు పరీక్షలో చస్తే దేనికి చచ్చినట్టు? రెండు గుంపుల మధ్య నువ్వు పెట్టిన తేడా ఒక్కటే ఉండాలి. నువ్వు చూడని తేడా ఒకటి చాటుగా దూరితే నీ పరీక్ష నీతోనే అబద్ధం ఆడుతుంది. ఎద్దులను "జత" అన్నారు కదా అని మేం రెండూ ఒకటే అనుకున్నాం. కాడి ఒకటైతే ఎద్దులు ఒకటవుతాయా?

గవ్వలు

మరుసటి ఏడు మళ్ళీ చేద్దామంటే ఊరు మమ్మల్ని పొలిమేరలోకి రానిచ్చేట్టు లేదు. సాబుకు ఇంకో చిక్కు. ఈసారి ఏ ఎద్దుకు పెట్టాలో ఎవరు చెప్పాలి? ఇంటివాణ్ణి అడిగితే లోకువదాన్ని తెస్తాడు, సూదితో చచ్చినా ఇదే పోతుంది లెమ్మని. మేం ఎంచితే మాకు తెలియకుండానే మాకు నచ్చినదాన్ని ఎంచుతాం.

మా నాయిన ముందు ఈ మాట అంటే ఆయన పకపకా నవ్వాడు.

"గింతేనార? అన్నదమ్ములు భూమి పంచుకునేటప్పుడు ఏ చెక్క ఎవనికని ఎవడన్న ఒప్పుకుంటడా? గవ్వలేస్తరు. ఎల్లెలకల పడితే పెద్దోనిది, బోర్ల పడితే చిన్నోనిది. గవ్వ పడ్డంక మాట మార్సినోనితోని ఊర్ల ఎవ్వడు కలిసి చిలుం తాగడు."

సాబుకు చెప్పాను. ఆయన అదిరిపడ్డాడు. "జువా? సర్కారు పనిల జూదమా? నా నౌకరీ పోగొడ్తవా?" అని లేచి నిలబడ్డాడు. గదిలో అటూ ఇటూ తిరిగాడు. తిరిగి తిరిగి కూర్చున్నాడు. "అరే," అన్నాడు నెమ్మదిగా, "గవ్వకు కోడె అని, ముసలిది అని తెల్వదు కద! గవ్వకు నీ మీద ప్రేమ లేదు, నా మీద భయం లేదు." ఆ రోజు ఆయన నాకు చాయ్ తెప్పించాడు, అది నా సర్వీసులో మొదటిసారి.

ఊరిని నాయినే ఒప్పించాడు, నా జత ముందుగాల అని. మా ఇంట్లో అప్పుడు మైలోడు, కర్రోడు. మైలోడు మచ్చల ఎద్దు, కొత్తది. కర్రోడు నల్లది, మా నాయిన దూడప్పటి నుంచి పెంచినది. ఆయన గొంతు వింటే చెవులు తిప్పేది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. పోయినేటి చావులతో ఊరంతా సూది అంటేనే హడలిపోయి ఉంది. వాళ్ళ లెక్కలో అపాయం సూది పడేదానికి, పడనిది బతికిపోయినట్టు. మా లెక్కలో తలకిందులు. మందు పని చేస్తే చచ్చేది పడనిదే. అది సాబుకూ నాకూ తెలుసు. మేమిద్దరం నోరు విప్పలేదు. విప్పితే ఒప్పుకోరని భయం.

చావడిలో పటేలు గవ్వ వేశాడు. మా ఇంటి వంతులో మైలోడికి సూది పడింది. నాయిన గట్టిగా ఊపిరి వదిలి, "నా కర్రోడు బయటపడ్డడు పో," అని నవ్వాడు. ఆ నవ్వు చూడలేక నేను సూదులు తుడవడంలో పడ్డాను. గంగవ్వ మాత్రం తన ఎద్దును ఇంటి నుంచి కదలనియ్యలేదు.

ఈసారి జాత్ర కోడెలు బడలిక తీరి కుదుటపడ్డాకే సూది పెట్టాం. కొత్తవీ పాతవీ రెండు దిక్కులా కలిసిపోయాయి. నేను ఇల్లిల్లూ తిరిగి కాపలా కాశాను. సూది పడ్డదానికి జాలిపడి ఉలవలు నానబెట్టి పెట్టేవాళ్ళు. పెడితే రెంటికీ పెట్టండి, లేకపోతే దేనికీ వద్దని పోరేవాణ్ణి. "రెంటికి ఉలవలు పెట్టనీకి నాకేమన్న జాగీరున్నదార?" అని మా నాయినే కసిరాడు. చివరికి రెంటికీ మానేశాడు.

కర్రోడు

వాన మొదలైంది. మొదట పటేలు ఎద్దు పడింది, సూది పడనిది. తరవాత ఇంకో ఇంట్లో, ఇంకో ఇంట్లో. అన్నీ పడనివే. పక్కనే నిలబడ్డ సూది పడ్డ ఎద్దులు వాటిని వాసన చూస్తూ మేత తింటున్నాయి. మందు పని చేస్తోంది! ఎగిరి గంతేయాల్సినవాణ్ణి, పరుగున ఇంటికి పోయాను.

కర్రోడు ఇంకా బాగానే ఉంది. స్టేషనుకు మనిషిని పంపి సాబుకు కబురు పెట్టాను. ఆయన రావాలంటే మర్నాటి రైలే దిక్కు. "నేను వచ్చేదాకా సూది పడనిదాన్ని ముట్టొద్దు" అని ముందే గట్టిగా చెప్పి ఉన్నాడు. ఇప్పుడు పెడితే ఆలస్యమే, మందు ఒంటికి పట్టడానికి కొన్నాళ్ళు కావాలి. అయినా ఆశ చావదు కదా. సూది ఉడకబెట్టి కొట్టంలోకి పోయాను. నాయిన అక్కడే ఉన్నాడు.

"ఏందిర అది?"

"కర్రోడికి పెడ్త నాయిన. ఎవ్వరికి తెల్వది."

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టు ఇప్పటికీ నాకు గుర్తుంది.

"పటేలు ఎద్దుకు పెట్టినవార?"

"లేదు."

"మరి దీనికెట్ల పెడ్తవ్? గవ్వ పడ్డంక తిప్పుతవా? నన్ను ఊర్ల తల ఎత్తుకోనియ్యవా?"

"అది చస్తది నాయిన!"

చచ్చేది సూది పడనిదే అన్న సంగతి అప్పటిదాకా ఆయనకు తట్టలేదు. ఒక్కసారిగా నా ముఖంలోకి చూశాడు. నేను ముందే తెలిసినవాడిలా మాట్లాడానని ఆయనకు ఆ క్షణంలో అర్థమైంది. చెయ్యి వదిలేశాడు, కానీ కర్రోడికి అడ్డంగా నిలబడ్డాడు. నేను సూది పట్టుకొని బయటికి వచ్చేశాను.

తెల్లారేసరికి కర్రోడి గొంతు ఉబ్బింది. మధ్యాహ్నానికి పోయింది. నాయిన దాని తల ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. నన్ను దగ్గరికి రానియ్యలేదు.

సాయంత్రం సాబు రైలు దిగి వచ్చాడు. ఇల్లిల్లూ తిరిగి చూసి, ఇంక చాలు, మిగిలినవాటన్నిటికీ ఇప్పుడే పెట్టేయమన్నాడు. చావడి ముందు ఊరంతా గొడ్లతో నిలబడింది. అందరికంటే ముందు గంగవ్వ, ఎద్దు పగ్గం పట్టుకొని. "సూస్తున్నవేంది, పొడువు," అంది నాతో. నాయిన కూడా వచ్చాడు. ప్రతి ఎద్దు కొమ్ములూ పట్టి వంచి ఇచ్చాడు, చీకటి పడేదాకా.

పని అయ్యాక సాబు మా ఇంటికి వచ్చాడు. ఆయన కళ్ళల్లో సంబరం దాగడం లేదు. ఈ జబ్బుకు మందు దొరికిందని తేలింది మరి. నాయినకు చేయి కలపబోయాడు. నాయిన చేయి ఇవ్వలేదు.

"ఒక్కటి అడుగుత సాబ్. మందు మంచిదైతే సూది పడనిది సస్తదని మీకు ముందుగాల్నె ఎరుకనా?"

సాబు నా దిక్కు చూశాడు. నేను నేల చూశాను. అబద్ధం చెప్పవచ్చు, చెప్పలేదాయన.

"ఎరుకే."

"వీనికి?"

"వీనికి గూడ."

ఆయన తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. నాయిన తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"జెప్పి అడిగితె ఇద్దును సాబ్," అన్నాడు. "ఊరి గొడ్లు బతుకుతయంటె నా కర్రోన్ని నేనె ఇద్దును. మీరు అడగలె. వాడు బతికిండని నన్ను నవ్వనిచ్చిండ్రు."

ఖాదర్ సాబు షేర్వానీతోనే మా వాకిట్లో మట్టిలో కూర్చుండిపోయాడు.